కత్తిరించకుండా పంపండి

బిడ్డను పూడ్చి వచ్చిన మూడో రోజు వేదవల్లి తన సెల్‌ఫోన్ కోసం వెతుక్కుంది. దిండు కింద పెట్టుకున్నది అక్కడ లేదు. ఛార్జింగ్ నిలబడటం లేదు కదా, భువనేశ్ తీసుకెళ్ళాడు, బాగుచేసి తెస్తాడు అని అత్త మంగళం వంటింట్లోంచి చెప్పింది. ఛార్జింగ్ నిలబడటం లేదని వేదవల్లి ఎవరితోనూ అనలేదు. భువనేశ్ మంగళానికి తమ్ముడి కొడుకు. పెద్ద మార్కెట్టు వెనక సందులో ఫోన్లు బాగుచేసే అంగడిలో పనిచేస్తాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చి, ఫోనుకు కొత్త కవరు తొడిగి, గడపలోనే నిలబడి ఇచ్చి వెళ్ళిపోయాడు.

తెరిచి చూస్తే అందులో అభినయ లేదు. ఏడు నెలల బిడ్డ. రోజుకు రెండో మూడో చొప్పున తీసిన ఫొటోలు, తడి చేతులతో తొందరలో తీసిన వంకర వీడియోలు, అన్నీ పోయాయి. మెయిల్లో వాటంతటవే చేరే కాపీలను కూడా వదల్లేదు. పని తెలిసినవాడు. ఆ ఫోను తాళం నంబరు వేదవల్లికి కాక ఇంకొక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఆమె భర్త రఘునాథన్. అతను పుదుచ్చేరి ఊరంచున మేట్టుపాళయంలో ఒక గోడౌనులో సరుకు లెక్క చూస్తాడు. ఆ రోజు ఆలస్యంగా వచ్చి, తల ఎత్తకుండా అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని ఫోనులోనూ ఏమీ లేవు.

ఆ ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. ఎన్ని తరాల కిందటో వచ్చి పుదుచ్చేరి చుట్టూ భూములు చేసిన తెలుగువాళ్ళు. భూములు పోయాయి, తెలుగు అక్షరం పోయింది, పట్టింపు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెద్దవాళ్ళు పోతే పటం కట్టించి, దండ వేసి, చిన్న ఎర్ర బల్బు వెలిగిస్తారు. పాలు తాగే బిడ్డ పోతే చితి లేదు, పిండం లేదు, పటమూ లేదు. పటం ఉంటే ఆ బిడ్డ ఇంటివైపే చూస్తూ ఉండిపోతుందట, వెనక రావలసిన బిడ్డకు దారి ఇవ్వదట. తల్లి ఆ పటం చూసి ఏడిస్తే ఆ నీళ్ళకు దారి జారుడై, పోయిన బిడ్డ నడవలేదట. బోర్లా పడటం మాత్రమే వచ్చిన బిడ్డ ఎలా నడుస్తుందని ఎవరూ అడగరు.

ఇంకొకరి దగ్గర అభినయ ఫొటో ఉండే వీలు కూడా లేదు. అవి కరోనా రోజులు. పేరు పెట్టిన నాడు ఇంట్లో నలుగురే. స్టూడియోకు తీసుకెళ్ళలేదు. ఏడాది నిండేదాకా బిడ్డ ఫొటో ఎవరికీ పంపకూడదని, దిష్టి తగులుతుందని మంగళం మొదటే కట్టడి చేసింది. వేదవల్లి ఆ మాట దాటలేదు. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు ఫిట్స్. పంపకుండా దాచుకున్నదంతా ఒకే చోట ఉంది కాబట్టి ఒకే పూటలో పోయింది.

వేదవల్లి అరవలేదు. పెళ్ళికి ముందు, ఇప్పుడుండే ఉప్పళం పేటలోనే ఒక స్టూడియోలో ఆరేళ్ళు పనిచేసింది. పాస్‌పోర్టు ఫొటోల్లో మొటిమలు తీసెయ్యడం, కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుక్కి ఇంకో ఫొటోలోంచి కళ్ళు తెచ్చి అతికించడం ఆమె పని. ఫోనులో తుడిచేసినవి తిరిగి తీయవచ్చని ఆమెకు తెలుసు. నాలుగు అంగళ్ళు తిరిగింది. వాటి మీద వేరేవి రాసేశారమ్మా, ఇక రావు అన్నారు అందరూ. భువనేశ్ ఆ సంగతి కూడా చూసుకున్నాడు.

అప్పుడు ఆమె బొమ్మ గీయడం మొదలుపెట్టింది. రఘునాథన్ ఒక పాత ట్యాబు కొనుక్కొచ్చాడు, ఎందుకని అడగకుండా. దాన్ని సరిచేసి, గీసే పెన్ను తెచ్చి ఇచ్చినవాడు భువనేశ్. అతని చేతిలోంచి ఏదైనా తీసుకునేటప్పుడు వేదవల్లి అతని మొహం చూసేది కాదు. మంగళం ఇది చూసి మూలకుళంలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది. కోడలు పోయిన బిడ్డ బొమ్మ గీస్తూ కూచుంటే ఈ ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టదు, అది నా కళ్ళతో చూడలేను అని వీధిలో నలుగురికీ చెప్పి మరీ వెళ్ళింది. ఇంకో బిడ్డ పుట్టలేదు. ఆమె మాటే నిజమైందని వీధి అనుకుంది. రఘునాథన్ ఆ బిడ్డ పోయినప్పటి నుంచి గోడవైపే తిరిగి పడుకుంటున్నాడని వీధికి తెలియదు.

పసిబిడ్డ మొహం గీయడం అన్నిటికన్నా కష్టం. అందులో గీత ఉండదు. ఒక్క గీత పెట్టినా బిడ్డ ముసలిదైపోతుంది. నీడ మీద నీడ వేసి బుగ్గను కట్టాలి. కంట్లో వెలుతురు చుక్క వెంట్రుకవాసి పక్కకు పోతే ఆ బిడ్డ మనల్ని కాక మన వెనక ఎవరినో చూస్తున్నట్టు ఉంటుంది. వేదవల్లి నెలల తరబడి గీసి, చెరిపి, గీసింది. పక్కింటి కన్నియమ్మాళ్ ఒక పొద్దున ఉల్లిపాయలు అడగడానికి వచ్చి ఆ బొమ్మ చూసింది. తన మనవడి ఫొటో ఒకటి ఇలాగే చేసిపెట్టమంది. వాడు మూతికి అన్నం పూసుకుని, ప్లాస్టిక్ బకెట్‌లో కూచుని, ఎవరినో చూసి నవ్వుతున్న ఫొటో. వేదవల్లి బకెట్ తీసేసి, అన్నం మెతుకులు అలాగే ఉంచి, వెనక లేత పసుపు రంగు వేసింది. ఇవ్వబోతుంటే కన్నియమ్మాళ్ చూసి, గొంతు తగ్గించింది.

“అంతా బాగుండాది వల్లీ. ఒంటి రంగు కొంచెం తేల్చు. మా వోడు ఎండలో పుట్టలేదు.”

అక్కడి నుంచి పని పాకింది. కూచోబెట్టి తీసిన ఫొటోలు కాదు, బిడ్డ తన లోకంలో ఉండగా దొరికించుకున్నవి కావాలి జనానికి. నిద్రలో నవ్వేది, చీమను చూస్తున్నది, తల్లి కొంగు నమిలేది. వాటిని బొమ్మగా మార్చి, కింద పేరు తమిళంలోనో ఇంగ్లీషులోనో రాసి, అచ్చు వేయించి ఇచ్చేది. అందరూ ఒళ్ళు తేల్చమనేవాళ్ళే. నల్లగా పుట్టిన బిడ్డలు గోడలమీదికి ఎక్కేసరికి బొప్పాయి రంగుకు వచ్చేవాళ్ళు.

ఇందులో వేదవల్లికి ఒక నష్టం జరుగుతోంది. అది ఆమె ఆలస్యంగా గుర్తించింది. పొద్దున రఘునాథన్ బండి వీధి మలుపు తిరిగాక ఒక గంట అభినయ బొమ్మ కోసం పెట్టుకునేది. ఒకరోజు పాత బొమ్మలన్నీ వరసగా తెరిచింది. మొదటిదానికీ నలభయ్యో దానికీ పోలిక లేదు. నలభయ్యో దానిలో నవ్వు కన్నియమ్మాళ్ మనవడిది. కనుబొమలు వేరే వీధి బిడ్డవి. మొదటిది సరైనదా అంటే అప్పుడు చెయ్యి తిరగలేదు, అదొక పిండిబొమ్మ. చెయ్యి తిరిగేలోపల మొహం జారిపోయింది. వందల మంది బిడ్డలు వచ్చి ఆమె కళ్ళలో కూచుని, ఆ ఒక్క బిడ్డను అంచుకు నెట్టేశారు. మరో ఏడాది ఇలాగే సాగితే అభినయ మొహం ఎలా ఉండేదో చెప్పగల మనిషి భూమ్మీద ఉండదు. ఆ భయం ఆమెను పట్టుకుంది, ఇక వదల్లేదు.

అలాంటి రోజుల్లో ఒక ఫొటో వచ్చింది. ప్రతి బుధవారం బిడ్డలకు సూదిమందు వేసే ఆరోగ్య కేంద్రం బెంచీ మీద ఒక బిడ్డ ఏడుస్తున్న ఫొటో. పంపినవాళ్ళు బిడ్డ మాత్రమే ఉండేలా కత్తిరించి పంపారు. అంచులో ఎవరిదో మోచెయ్యి మిగిలింది. మోచేతి కింద కాలిన మచ్చ. వేదవల్లి తన చెయ్యి తిప్పి చూసుకుంది. నూనె చింది కాలిన మచ్చ, అదే చోట, అదే ఆకారం. ఆ చేతిలో ఆ క్షణాన అభినయ ఉంది. కత్తిరించిన అంచుకు అవతల.

ఆ ఇంటికి పరిగెత్తింది. ఆ తల్లి తన ఫోనంతా వెతికి, అసలు ఫొటో ఎప్పుడో తీసేశామక్కా, ఫోనులో చోటు లేక అంది. వేదవల్లి ఇంటికి వచ్చి కూచుంది. అప్పటికి రెండేళ్ళుగా ఇదే పని చేస్తోంది. వెనక ఉన్న జనాన్నీ, బెంచీలనూ, గోడలనూ కత్తిరించి పారెయ్యడమే ఆమె పని. పని అయిపోగానే అసలు ఫొటోలు తుడిచేసేది, చోటు కోసం. ఉప్పళంలో అభినయతో పాటు ఆ ఏడాది పుట్టిన బిడ్డలు ఎంతమంది ఆమె చేతుల మీదుగా పోయారో. ఎన్ని బుధవారాలు. వాటిలో ఎక్కడో వెనక నిలబడ్డ తననూ తన బిడ్డనూ, చూడకుండా, తనే ఎన్నిసార్లు తీసి పారేసిందో. అత్త చేయించింది ఒక్కసారి. తను ఎన్నిసార్లో లెక్క లేదు.

ఆ రోజు నుంచి ఎవరు పని ఇచ్చినా ఆమె పెట్టే షరతు ఒకటే. ఫొటో కత్తిరించకుండా పంపండి. ఒక్కటి కాదు, ఆ రోజు తీసినవన్నీ పంపండి, బాగున్నది నేను ఏరుకుంటాను. జనం అదేదో కళ కిటుకు అనుకున్నారు. ఆ ఏడాది ఆ కేంద్రంలో సూదిమందు వేయించిన బిడ్డలకైతే అడక్కపోయినా చేసిపెట్టేది. కేంద్రంలోని ఆయమ్మను బతిమాలి పేర్లు తెలుసుకుంది. బండి మీద ఉప్పళం సందులన్నీ తిరిగి ఆ తల్లులను వెతికింది. కొందరు పిచ్చిదనుకున్నారు. ఒకావిడ తలుపు వేసేసింది. బిడ్డను పోగొట్టుకున్న ఆడది తమ బిడ్డ ఫొటోలు అడుగుతుంటే ఎవరైనా వేస్తారు.

పద్నాలుగు నెలలు పట్టింది. బాలసుబ్రమణ్యం అని కాలువ పక్కన టైలరు అంగడి నడిపే ఆయన తన కూతురు కవిప్రియ పుట్టినరోజుకని ఇరవై మూడు ఫొటోలు పంపాడు. తొమ్మిదో దానిలో కవిప్రియ ఆరోగ్య కేంద్రంలో తండ్రి ఒడిలో కూచుని ఆయన మాస్కును పీకుతోంది. వాళ్ళ వెనక, తలుపు దగ్గర, మాస్కు వేసుకుని వేదవల్లి నిలబడి ఉంది. భుజం మీద మూడున్నర నెలల అభినయ, మొహం ఇటువైపే. ఫోను మీద గోరంత. పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయింది. తీసిన క్షణంలో బిడ్డ తల కదిలింది. నుదురు ఉంది. ఎడమ కన్ను ఉంది. చెవి ఉంది. ముక్కు నుంచి కింద అంతా చెరిగిన సున్నం.

వేదవల్లి దాన్ని ఎవరికీ చూపకుండా నెల రోజులు పెట్టుకుంది. ఉన్నంత మేర గీసింది. నుదురు, కన్ను, చెవి కుదిరాయి. కింద సగం రాలేదు. ముక్కు పెడితే ఇంకెవరి ముక్కో వచ్చేది. చివరికి ట్యాబు పాడై భువనేశ్ దగ్గరికి తీసుకెళితే అతను ఆ బొమ్మ చూశాడు. ట్యాబు బాగుచెయ్యడం ముగించాడు. తరవాత, ఇలాంటివి పూర్తి చెయ్యడానికే ఇప్పుడు ఫోనులో ఒకటి వచ్చింది, సగం మొహం ఇస్తే మిగతా సగం అదే చేస్తుంది అన్నాడు.

“నువ్వు ఇట్ల గోరంత గోరంత గీస్తా కూచుంటే యాడ అయ్యేదక్కా? ఈడ వేలు పెడితే అదే కట్టేస్తాది.”

వేలు పెట్టాడు. అది కట్టేసింది. చక్కని బిడ్డ. నున్నటి బుగ్గలు, సన్నని పెదాలు, నవ్వుతోంది. భువనేశ్ దాన్ని వేదవల్లికి పంపడంతో పాటు రఘునాథన్‌కు కూడా పంపాడు. ఫొటోలు తుడిచిన పనికి బాకీ తీరిపోయిందని అతను నమ్మాడు.

ఆ సాయంత్రం రఘునాథన్ గోడౌను నుంచి తొందరగా వచ్చాడు. ఫోను చేతిలో పట్టుకుని, చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూచుని ఏడ్చాడు. నాలుగేళ్ళలో మొదటిసారి.

“అదే వల్లీ. అచ్చం అదే.”

వేదవల్లి ఆ బొమ్మను మళ్ళీ చూసింది. నవ్వులో కింద రెండు పళ్ళు ఉన్నాయి.

“దానికి పళ్ళు యాడ వచ్చినాయి?”

“రాలేదా?” అన్నాడు అతను. “ఏడు నెల్లు గదా. రెండు వచ్చినట్ట గ్యాపకం.”

అతను మరిచిపోయాడు. ఆమెకన్నా ముందే, ఆమెకన్నా ఎక్కువగా. మరుసటి రోజు అతని ఫోను తెరిస్తే మొదట కనబడేది ఆ బిడ్డే. గోడౌనులో తోటివాళ్ళకు నా కూతురు అని చూపించాడట. ఎన్నడూ పుట్టని బిడ్డ ఒకటి అతనికి దొరికింది, దానితో అతను సుఖంగా ఉన్నాడు. ఆ రాత్రి నుంచి ఇటువైపు తిరిగి పడుకున్నాడు. వేదవల్లి అటువైపు తిరిగింది. కళ్ళు మూసుకుంటే ఆమెకు కూడా ఇప్పుడు ఆ రెండు పళ్ళే కనబడుతున్నాయి. మిగిలిన కాస్త మొహాన్ని కూడా అవి కొరుకుతున్నాయి.

మూడు రోజుల తరవాత ఆమె బండి తీసుకుని మూలకుళం వెళ్ళింది. నాలుగేళ్ళుగా అత్తతో మాట లేదు. కానీ ఆ బిడ్డ మొహాన్ని రోజూ పట్టుకున్న మనిషి తను కాక ఇంకొక్కరే ఉన్నారని ఆమెకు తట్టింది. ఆ ఇళ్ళల్లో బిడ్డకు నీళ్ళు పోసేది తల్లి కాదు, నాయనమ్మ. రెండు కాళ్ళూ చాపుకుని, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, వేడినీళ్ళు పోసి, ముక్కు నిలబడేలా వత్తి, నుదురు సరిచేసి, గడ్డం దిద్దుతుంది. అభినయకు పదకొండో రోజు నుంచి జ్వరం వచ్చిన నాటి వరకు మంగళమే పోసింది. ఆ పనిలో ఆమెకు పేరు. మూలకుళంలో కూడా పురిటిబిడ్డ ఉన్న ఇళ్ళ నుంచి ఆమెకు కబురు వచ్చేది.

ఇప్పుడు రావడం లేదు. మంగళం కాళ్ళు వాచి, వసారాలో కుర్చీకి అతుక్కుపోయి ఉంది. కోడలిని చూసి లేవబోయి, లేవలేకపోయింది. కూతురు పనికి వెళ్ళింది, ఇంట్లో ఇంకెవరూ లేరు. మంగళం కూచోమన్నా వేదవల్లి కూచోలేదు. నిలబడే ట్యాబు తెరిచి, కింద సగం లేని బొమ్మ చూపించింది. మంగళం చూపు అంతంతమాత్రం. ట్యాబును దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. గుర్తుపట్టాక ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టేసింది.

“ఇబ్బుడు ఏంది దీనికి?”

“మొగం మరిచిపోతా ఉండా అత్తా. మీరే గదా నీళ్ళు పోసింది.”

మంగళం వీధిలోకి చూస్తూ కూచుంది. రఘునాథన్ కన్నా ముందు తనకూ ఇద్దరు బిడ్డలు పోయారని, తన అత్త తనను ఒక్కరోజు కూడా ఏడవనివ్వలేదని, మరిచిపో, బతుకుతావు అని చెప్పిందని అంది. తను మరిచిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరికి చొట్టబుగ్గ ఉండేదో కూడా ఇప్పుడు తెలియదు.

“మరిచిపోయినా. బతికినా గదా. అదే నీకూ చేసినా.”

తప్పయిందని అనలేదు. వేదవల్లీ ఆ మాట కోసం రాలేదు. నేల మీద కూచుని పెన్ను తీసింది. చాలాసేపటికి మంగళం కుర్చీలోంచి మెల్లగా జారి కిందికి దిగింది. గోడకు ఆనుకుని, వాచిన కాళ్ళు రెండూ చాపింది. చీర మోకాళ్ళ దాకా సర్దుకుంది. కళ్ళు మూసుకుంది. ఖాళీ కాళ్ళ మీద ఆమె చేతులు కదలడం మొదలుపెట్టాయి. ముందు పాదాలు, పిక్కలు, తొడలు. పొట్ట మీద గుండ్రంగా. బిడ్డను బోర్లా తిప్పినట్టే చెయ్యి తిరిగింది. మళ్ళీ వెల్లకిలా. మొహం దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు నిదానించాయి.

“ముక్కు దూలం ఈడ అణిగి ఉండె. దినామూ ఒత్తినా, నిలబళ్ళా. కొన మాత్రం గుండు మాదిరి. ముక్కుపుటాల్లో ఎడందే కొంచెం పెద్దది.”

వేదవల్లి గీస్తోంది. మంగళం బొటనవేళ్ళు బుగ్గల మీద నుంచి గడ్డానికి దిగాయి.

“గడ్డం సొట్ట కాదు, చదరం. అది మీ వోళ్ళది. కింది పెదవి లోపలికి పోయేది, చప్పరిస్తా ఉండేది ఎబ్బుడూ. పై పెదవి నడుమ…”

ఆగింది. బొటనవేలు గాలిలో ఒకేచోట నిలిచి, మెత్తగా, ఏదో పగిలిపోతుందేమో అన్నట్టు, చిన్న సున్నా చుట్టింది.

“ఈడ పాలబుడగ. ఉద్ది గింజంత. చీకి చీకి లేచేది. అది తగిలితే ఏడుస్తాదని నేను ఆడ రుద్దేదాన్ని కాదు.”

వేదవల్లి పై పెదవి నడుమ ఆ మినపగింజంత ఉబ్బు పెట్టింది, దాని కింద ఒక నీడ. పెన్ను ఆగిపోయింది. యంత్రం పెట్టిన రెండు పళ్ళూ, కన్నియమ్మాళ్ మనవడి నవ్వూ, నాలుగేళ్ళుగా గీసిన బిడ్డలందరూ ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నారు. ఉన్నది అభినయ. అందమైన బిడ్డ కాదు. అణిగిన ముక్కు, చదరపు గడ్డం, నలుపు. వేదవల్లి ఒళ్ళు తేల్చలేదు. ఏడుపు రాలేదు. గుండెల మీద చీర పాలకు తడిసిందేమో అనిపించి చేత్తో తడుముకుంది. పొడిగానే ఉంది.

మంగళం కళ్ళు తెరిచి ట్యాబు అడిగింది. ఆ మసక కళ్ళతో ఎంత కనబడిందో. వేలితో అద్దం మీద ముక్కును ఒక్కసారి ఒత్తింది, అలవాటుగా. బొమ్మ పెద్దదై చెదిరింది. వేదవల్లి సరిచేసి ఇవ్వకుండా వెనక్కి తీసుకుంది.

“నాకొకటి అచ్చు తీసియ్యి వల్లీ,” అంది మంగళం. “గోడకి తగిలించను. పెట్టిలో చీర మడతలో పెట్టుకుంటా. నేను పోతే నాతోనే పారెయ్యండి.”

వేదవల్లి ట్యాబును సంచిలో పెట్టి జిప్పు లాగింది. మంగళం కాళ్ళు ఇంకా చాపే ఉన్నాయి, వాటంతటవి ముడుచుకోలేకపోతున్నాయి. ఆమెను లేపి కుర్చీలో కూచోబెట్టి, చీర కిందికి సర్ది, మంచినీళ్ళ చెంబు అందేలా పెట్టింది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు మొదలైన వారంలో మంగళం పోయింది, కనుక వాళ్ళిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. వసారా మెట్టు మీద చెప్పులు తొడుక్కుంటూ, వెనక్కి తిరగకుండా, వేదవల్లి అన్నది ఒకటే మాట.

“మీకు చేతుల్లో ఉండాది గదత్తా. నాకు ఇదొకటే.”